మడమ రాయి

తాళ్ళ పిన్ని తన ఆయుష్షులో సగం వెనక్కే నడిచింది. మాటవరసకి అంటున్నది కాదు, నిజంగానే. తాడు పేనే పని అలాంటిది మరి. పొడవాటి సావిడి, ఒక కొసన రాట్నం. దాని కొక్కేనికి నార కొస తగిలించి, మిగతా నారంతా మోపులా నడుముకి చుట్టుకుని, రెండు చేతుల్లోంచి కొంచెం కొంచెంగా వదులుతూ వెనక్కి అడుగులేసుకుంటూ పోవాలి. అక్కడ రాట్నం తిరుగుతుంటే ఇక్కడ వేళ్ళ మధ్య పురి ఎక్కుతుంది. చూపు తాడు మీంచి కదలకూడదు. ఎవరో పిలిచారని తల తిప్పావా, ఆ చోట తాడు సన్నబడిపోతుంది. ఏదో ఒకరోజు నడిసముద్రంలో అది సరిగ్గా అక్కడే తెగుతుంది. అందుకని పేనేవాళ్ళు తల తిప్పరు.

మరి వెనకేముందో ఎలా తెలుస్తుంది? దానికే మడమ రాయి. సావిడి రెండో కొసకి గోడ లేదు, సముద్రం వైపు బార్లా తెరిచి ఉంటుంది. పేనిన మోకుల్ని అటునుంచే పడవల దగ్గరికి ఈడ్చుకుపోయేవాళ్ళు. ఆ కొసన నేలలోంచి జానెడు ఎత్తు లేచి ఒక నల్లరాయి అడ్డంగా పాతి ఉండేది. వెనక్కి వచ్చేవాళ్ళ మడమ దానికి తగిలిందంటే తాడు పొడవు సరిపోయినట్టు. ఆగాలి, "హా" అని కేకెయ్యాలి, అవతల రాట్నం ఆపాలి. ఎన్ని తరాల మడమలు తగిలాయో, రాయికి మధ్యలో దోసిలంత గుంట పడింది. చలికాలం పొద్దున కూడా ఆ గుంట గోరువెచ్చగా ఉంటుందని పిన్ని అనేది.

"ఎండ పడే చోట వెచ్చగా కాక మరెలా ఉంటుందే?" అని వాళ్ళ వదిన తీసిపారేసేది.

ఆ వదినే చక్రం అత్త. పిన్ని మొగుడికి అక్క. పెళ్ళే వద్దని భీష్మించుకుని పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. ఊహ తెలిసినప్పట్నుంచీ రాట్నం తిప్పి తిప్పి ఆవిడ కుడి భుజం ఎడమ భుజానికంటే లావెక్కింది. జాకెట్టు కుట్టే దర్జీ ఆవిడకి రెండు చేతులకీ వేరువేరుగా కొలతలు తీసుకునేవాడు. పిన్నికి పిల్లల్లేరు. వీధిలో పిల్లలందరికీ ఆవిడ పిన్ని, ఆ పిల్లలకి పుట్టిన పిల్లలకి కూడా పిన్నే. వరసలు కలవకపోయినా ఎవరూ పట్టించుకోలేదు.

పిన్ని పుట్టింది కూడా ఆ తాళ్ళవీధిలోనే. చిన్నప్పుడు పని నేర్పుతూ వాళ్ళమ్మ ఆమె జడ కొసని వెనక లంగా బొందుకి ముడేసేది. ఎవరు పిలిచినా, పక్కన కుక్క మొరిగినా, తల తిప్పితే జడ చుర్రుమని లాగేది. కొన్నాళ్ళకి ముడి అక్కర్లేకపోయింది. ఎదురింటికే ఇచ్చి పెళ్ళి చేశారు. వీధి దాటితే అత్తారిల్లు. "అప్పగింతలప్పుడు ఏడవడానికి కూడా దూరం చాల్లేదు, నాలుగంగల్లో వచ్చేశాను" అని నవ్వేది.

మొగుడు మాట తక్కువ మనిషి. వయసులో ఉండగా పడవ దూలం మీద పడి ఎడమకాలు దెబ్బతింది. అప్పట్నుంచీ ఆ కాలు ఈడ్చేవాడు. ధబ్ మని ఒకటి, స్స్ మని ఒకటి. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన చెరో పాయా పేనుకుంటూ వెనక్కి నడిచేవాళ్ళు. కాపురం మొత్తం మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నదానికంటే ఒకరి అడుగులు ఒకరు విన్నదే ఎక్కువ. ఆయనకి కోపం వచ్చిందో, ఆకలేస్తోందో, ఏదైనా చెప్పాలనుకుని మింగేశాడో, ఆ ఈడుపులోనే ఆమెకి తెలిసిపోయేది.

నార దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గి దగ్గి, ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయన పోయాడు.

కొన్నాళ్ళకి పిన్ని మళ్ళీ నడుముకి నార చుట్టుకుంది. సావిడిలో సగం దూరం వెళ్ళిందో లేదో, పక్కన ధబ్. స్స్.

ఎలకనుకుంది. ఎలక కుంటదు కదా. అయినా తల తిప్పలేదు. చేతిలో తాడుంది మరి. రాయి దాకా వచ్చింది, మడమ తగిలింది, ఆ ఈడుపు కూడా పక్కనే ఆగింది. "హా" అన్నాక చూస్తే ఎవరూ లేరు.

చెవి పెట్టడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన ఒక్కడే కాదని. అత్తగారి గబగబ అడుగులున్నాయి. పాదం మొత్తం నేలకి ఆనించి నడిచే ఎవరో పెద్దాయన బరువడుగులున్నాయి. ఒక చిన్నపిల్లవి కూడా ఉన్నాయి. అవెవరివో పిన్నికి తెలీదు, ఆమె పుట్టకముందే పోయినవాళ్ళవై ఉంటాయి. అందరూ వెనక్కే నడుస్తారు, అందరూ రాయి దగ్గర ఆగుతారు. తల తిప్పితే ఉండరేమోనని ఆమెకి లోపల్లోపల అనుమానం. పనిలో ఎలాగూ తల తిప్పకూడదు కాబట్టి ఆ అనుమానం తీర్చుకోవాల్సిన అవసరం రాలేదు.

ఒక్కసారి మాత్రం ఆగలేక అడిగేసింది.

"వదినా, నీకేమన్నా వినపడుతోందా?"

"వినపడకేం, నా మోకాళ్ళు కటకటమంటున్నాయి."

"అది కాదు. అడుగులు."

"నడుస్తున్నది నువ్వేగా! నీ అడుగులకి నువ్వే దడుచుకుంటే నేనేం చెయ్యను? ఒసేయ్ పిచ్చిమొద్దూ, నార జారుతోంది చూసుకో."

మళ్ళీ అడగలేదు.

ఇలా ఉండగా సముద్రం పద్ధతి మారింది. లోకం వేడెక్కిపోతోందని, సముద్రాలన్నీ ఉబ్బుతున్నాయని టీవీలో చెప్పేవాళ్ళు. వీధిలోవాళ్ళకి టీవీ చెప్పక్కర్లేదు. గుమ్మం బయట వదిలిన చెప్పులు పొద్దున్నకి పక్కింటి మెట్ల దగ్గర తేలేవి. బావి నీళ్ళు ఉప్పగా అయ్యాయి. సావిడి వెనక ఒకప్పుడు పడవలు ఆరబెట్టుకునేంత ఇసక ఉండేది. అది కోసుకుపోయి కోసుకుపోయి, మడమ రాయి అవతల నిలువెత్తు గండి తేలింది.

అదే ఒడ్డున, వీధికి కాస్త ఎడంగా, పాత సుంకం మేడ ఉంది. ఓడల మీద పన్ను వసూలు చేసిన కాలం నాటిది. లావుపాటి స్తంభాలు, ఆగిపోయిన గడియారం. ఊరి బొమ్మ ఎక్కడ అచ్చేసినా దాన్నే వేస్తారు. దాన్ని కాపాడాలని, తీరం పనులు చూసే గవర్నమెంటు ఆఫీసువాళ్ళు దాని ముందు బండరాళ్ళతో పెద్ద గోడ కట్టారు. మేడ బతికింది. గోడకి కొట్టుకున్న నీళ్ళు ఊరికే వెనక్కి పోతాయా? పక్కకి తిరిగి తాళ్ళవీధిలోకి దూరడం మొదలుపెట్టాయి.

సావిడి ఎక్కువ కాలం నిలవదని అందరికీ తెలిసిపోయింది. కనీసం మొయ్యగలిగినవన్నా దాచిపెడదామని మెరక మీద ఉన్న మ్యూజియంవాళ్ళు వచ్చి, వీధికి పెద్దరికం చేసే సైకిలు షాపు బాబాయ్‌ని అడిగారు. బాబాయ్ మనసు మంచిది, నోరు పెద్దది. ఉబ్బితబ్బిబ్బైపోయాడు. "మన రాయిని అద్దాల గదిలో పెడతారంటరా! దాని మీదకి ఒక దీపం కూడానంట!" అని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. పిన్నికి మాత్రం చెప్పలేదు. ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు.

వాళ్ళు వచ్చిన రోజు పిన్ని ఊళ్ళో లేదు. చక్రం అత్తని కంటి ఆపరేషనుకి తీసుకెళ్ళింది. పనివాళ్ళు రాయిని ఎంతో జాగ్రత్తగా తవ్వి తీశారు, పసిగుడ్డుని చుట్టినట్టు మెత్తటి గుడ్డలో చుట్టారు. ఎవరూ కాలు మడతపడి పడిపోకుండా, రాయి తీసిన గుంటని మట్టితో పూడ్చి చక్కగా చదును కూడా చేసి వెళ్ళారు. సాయంత్రం వదినా మరదళ్ళు అలిసిపోయి రావడం చూసి, పొద్దున్నే చెబుదాంలే అనుకుని బాబాయ్ పడుకున్నాడు.

పొద్దున్న ఆయన లేచేసరికే వీళ్ళు పనిలో దిగిపోయారు.

"కంటికి కట్టుంది, ఇవాళ వద్దు వదినా" అంటే చక్రం అత్త వినలేదు. "నేను తిప్పేది గుండ్రంగా ఉంటుందే, దానికి ఒక కన్ను చాలు" అంది. ఆ ఒక్క కంటికి సావిడి అవతలి కొస మసకగా తప్ప కనపడదు. పిన్ని ఎలాగూ అటు చూడదు. నార తగిలించింది, వెనక్కి నడిచింది. ఎప్పట్లాగే పక్కన ధబ్, స్స్. అత్తగారు, పెద్దాయన, చిన్నపిల్ల, అందరూ ఉన్నారు. ఈపాటికి తగలాలే అనుకుంది. తగల్లేదు. ముసలితనం కదా, అడుగులు చిన్నవయ్యాయి కాబోలు అనుకుంది. ఇంకో అడుగు వేసింది. ఇంకోటి. ఎవరైనా అయితే ఆ పాటికి తిరిగి చూసేవాళ్ళు. ఆమె చూడలేదు.

కాలి కింద నేల లేదు.

ప్రాణం నిలిపింది తాడే. నడుముకి చుట్టుకున్న నార, చేతిలో వదలని పట్టు, అవతల కొక్కెం. గండి అంచున వేలాడింది. రాట్నం ఒక్క కుదుపు కుదిపేసరికి చక్రం అత్త పెట్టిన కేకకి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

వాళ్ళు వచ్చి లాగేలోపల, వేలాడుతూ వేలాడుతూ పిన్ని ఒకటి విన్నది. అడుగులు ఆగలేదు. ఆమె పక్కనుంచి, తల మీదనుంచి, ఒక్కొక్కటే అంచు దాటిపోతున్నాయి. వాళ్ళకీ మడమ తగల్లేదు మరి. వాళ్ళూ తల తిప్పరు. గబగబ అడుగులు నీళ్ళలో దిగాయి. బరువడుగులు దిగాయి. చిన్నపిల్ల అడుగులు తపతపమని నీళ్ళని కొట్టుకుంటూ పోయాయి. ఆఖరున ధబ్. స్స్. ఆ తర్వాత అలల చప్పుడే.

పిన్ని చీలమండకి కట్టు కట్టారు. సైకిలు షాపు బాబాయ్ మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మన రాయికి గౌరవం అనుకున్నాను గానీ పిన్నీ..."

"ఏడిశావులే! దాని కొంపలో అది ఉంటే గౌరవం లేదా?" అని చక్రం అత్త విరుచుకుపడింది. "రేపు నన్ను కూడా అద్దాల పెట్టెలో పెట్టించు. దీపం కూడా పెట్టించు, మర్చిపోకు."

పిన్ని సాయంత్రాలు కర్ర ఊతం చేసుకుని ఖాళీ సావిడిలోకి వెళ్ళి కూర్చునేది. లోపల ఏ చప్పుడూ లేదు, కిటికీ రెక్క కొట్టుకోవడం తప్ప. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు మాత్రం, చెవి రిక్కిస్తే, దూరంగా సముద్రంలోంచి వినపడేవి. మోకాలిలోతు నీళ్ళలో మనుషులు నడుస్తున్న చప్పుడు. మరుసటి రోజు ఇంకాస్త దూరంగా. ఆ మరుసటి రోజు ఇంకాస్త. రాయి తగిలేదాకా నడవాలని వాళ్ళకి నేర్పారు, వాళ్ళు నడుస్తున్నారు. ఆపేదెవరు? చెవికి అందకుండా పోయేలోపు రాయి నేలలోకి రావాలి. అంతే ఆమెకి తెలిసింది. ఇది ఎవరికి చెప్పుకోగలదు?

ఆఫీసులోకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి ఆ మధ్య వీధిలో తిరుగుతూ ఉండేది. నడుముకి ఎప్పుడూ కొలతల టేపు. గోడల మీద నీటిచార ఎంత ఎత్తుందో, గడపలు ఎంత ఎత్తున్నాయో కొలిచేది. కొలతల అమ్మాయి అని పేరు పడిపోయింది. ఆ అమ్మాయే పిన్నిని బండి మీద ఎక్కించుకుని మ్యూజియానికి తీసుకెళ్ళింది.

గదిలో చలి. నిజంగానే రాయి మీద ఒక దీపం. "తాకరాదు" అని పలక. పిన్ని కాసేపు చూసింది. తర్వాత చెప్పు విడిచి, వెనక్కి తిరిగి, మడమని అద్దానికి ఆనించింది.

"అమ్మా, కాలు! కాలు తియ్యండి!" అని కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు.

"కాలు పెట్టే రాయే నాయనా ఇది."

కొలతల అమ్మాయి వాణ్ణి ఆగమని సైగ చేసి అడిగింది. "ఏం కావాలి పిన్నీ మీకు?"

"ఇది నేలలో ఉండాలి."

"సావిడిలోనా? ఇంకో పెద్ద పోటొస్తే సావిడి ఉండదు కదా."

"తెలుసమ్మా. నాకు కళ్ళు లేవా? సావిడి పోతే పోనీ. రాయి మాత్రం నేలలో ఉండాలి, నడిచేవాళ్ళకి తగలాలి."

"ఎవరు నడుస్తారు? మీరు, ఇంకా...?"

పిన్ని ఆ పిల్ల ముఖంలోకి చూసింది. చెప్పేద్దామనిపించింది. "నడిచేవాళ్ళున్నారు" అని మాత్రం అంది.

ఆ అమ్మాయి ఏం అర్థం చేసుకుందో గానీ ఊరుకోలేదు. ఆఫీసులో ఎవరెవరితోనో పోట్లాడి, బడి గదిలో వీధివాళ్ళందర్నీ పిలిచి మీటింగు పెట్టించింది. మేడకి గోడ కట్టించిన పెద్ద ఇంజినీరు కూడా వచ్చాడు. కూర్చోడానికి పిల్లల బెంచీలే ఉన్నాయి, ఆయన మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

"మేడకి గోడ కట్టినప్పుడు మిమ్మల్నెవరూ అడగలేదు" అంది కొలతల అమ్మాయి. "రాయి తీసుకెళ్ళినప్పుడు ఒక్కర్నే అడిగారు. ఈసారి అలా కాదు. ఏది నిలబెట్టుకోవాలో, ఏది వదిలేసుకోవాలో మీరే తేల్చండి. అన్నీ నిలబెట్టడం మా వల్ల కాదు, అది ముందే చెబుతున్నాను."

బావి అన్నారొకరు. రేవు మెట్లన్నారు ఇంకొకరు.

"మా అత్తగారిని కాపాడండి" అంది వెనక బెంచీలోంచి ఒకావిడ.

"ఆవిణ్ణి చూసి సముద్రమే వెనక్కి పోయింది, ఆవిడకి గోడెందుకు?" అన్నాడు దర్జీ. గది గొల్లుమంది.

నవ్వులయ్యాక పిన్ని లేచింది. "మాకు పొడుగ్గా, వంపు లేని చోటు కావాలి. మెరక మీద. తల తిప్పకుండా నడిచేంత. ఆ కొసన మా రాయి."

"మ్యూజియం వెనక గోడ వారన స్థలం ఉంది" అంది కొలతల అమ్మాయి వెంటనే. కొలిచే ఉంచుకున్నట్టుంది.

పెద్ద ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "ఆరుబయట, రోజూ కాళ్ళు తగులుతుంటే రాయి అరిగిపోతుందమ్మా."

"అరిగిందనే కదండీ మీరు పట్టుకెళ్ళింది?"

ఆయన నవ్వలేదు. "మేడ గోడకి తగిలిన నీళ్ళు మీ వీధిలోకి వస్తాయని మాకు తెలుసమ్మా" అన్నాడు హఠాత్తుగా. "కట్టకముందే లెక్కలో తేలింది."

బాబాయ్ బెంచీ మీంచి లేచాడు.

"తెలిసి మమ్మల్ని అడగలేదా?" అన్నాడు బాబాయ్.

"అడిగితే కట్టలేకపోయేవాళ్ళం."

చక్రం అత్త బెంచీ మీద అరచేత్తో చరిచింది. "అయితే ఆ స్థలం ఇవ్వండి మరి. ఊరికే కూర్చుంటే నాకు భుజం పట్టేస్తుంది."

ఇచ్చారు. పేచీలు పడ్డారు, కాగితాలు తిప్పారు, చివరికి ఇచ్చారు. మ్యూజియం వెనక పొడవాటి రేకుల పందిరి వేశారు. రాయిని పై కొసన నేలలో పాతారు. గుంట ఎటు తిరిగి ఉండాలో పిన్నినే అడిగి పాతారు.

రాయి నేలలోకి వచ్చింది, సరే. నీళ్ళలో నడుస్తున్నవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? అప్పటికి చప్పుడు ఎంత సన్నబడిపోయిందంటే, గాలి పడిపోయినప్పుడు తప్ప వినపడేది కాదు.

పిన్ని వీధివాళ్ళకి ఒక్క మాటే చెప్పింది. "పాత సావిడిలో మొదలుపెట్టి కొత్త పందిట్లో ముగించే తాడొకటి పేనాలి."

"అంత పొడుగు తాడుకి పురి ఎక్కుతుందా?" అన్నారు.

"పూర్తిగా ఎక్కదు" అంది. "అయినా పేనాలి."

ఎందుకని ఎవరూ అడగలేదు. రాయి ఇచ్చేసినవాడు కాబట్టి బాబాయ్ అందరికంటే ముందు నడుం కట్టాడు.

మబ్బు పట్టిన మధ్యాహ్నం, నీళ్ళు బాగా వెనక్కి తీసిన వేళ చూసుకున్నారు. రాట్నాన్ని మొట్టమొదటిసారి అటూ ఇటూ మార్చారు. ఇన్ని తరాలు వీధి వైపు ఉన్నదాన్ని గండి అంచున, రాయి ఉండిన చోట పెట్టారు. చక్రం అత్త సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. పిన్ని నార తగిలించి, కుంటుతూ, సావిడిలోంచి వీధిలోకి వెనక్కి నడిచింది. తాడు నేలని తాకకుండా ఇంటింటి ముందూ ఒకరు నిలబడి అరచేతుల మీద మోశారు.

"పిన్నీ, వెనక కాలవ! కాస్త కుడికి!"

"ఒరేయ్, ఆ స్కూటరు తియ్యండ్రా!"

ముందుకి నడిచేవాళ్ళకి వదిలేసి వచ్చినవి కనపడవు. పిన్నికి అవే కళ్ళెదురుగా ఉన్నాయి. సావిడి నోరు, అందులో రాట్నం, దాని వెనక బూడిదరంగు సముద్రం. అడుగడుక్కీ చిన్నవవుతున్నాయి. ముందు తన అడుగులే వినపడ్డాయి. దర్జీ ఇల్లు దాటింది. సైకిలు షాపు దాటింది. అక్కడ, నీళ్ళోడుతున్నట్టు, తడిగా, గబగబ నాలుగడుగులు. అత్తగారు! పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. కాసేపటికి బరువడుగులు. చిన్నపిల్ల. ఇంకా ఎవరెవరో, ఆమె ఎప్పుడూ విననివాళ్ళు కూడా. తాడు మోస్తున్నవాళ్ళలో ఒకరిద్దరు ఎందుకో ఒళ్ళు విదిల్చుకున్నారు, చలిగాలి అనుకున్నారు.

ఈడుపు రాలేదు.

కుళాయి దగ్గర వీధి వంపు తిరుగుతుంది. ఆ వంపులో బాబాయ్ తాడుని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అది దాటితే సావిడి కనపడదు. మొగుడు రాకుండా పిన్ని ఎలా దాటుతుంది? ఆగితే పురి మెలిపడి తాడంతా చిక్కు పడుతుంది. ఆయన కోసం ఆగితే, వచ్చినవాళ్ళందరూ వీధి మధ్యలో రాయి లేకుండా ఉండిపోతారు. పెదవి కొరుక్కుని ఇంకో అడుగు వెనక్కి వేసింది. సావిడి కళ్ళ ముందునుంచి జారిపోయింది.

మెరక ఎక్కింది. పందిరి కిందకొచ్చింది. మడమకి రాయి తగిలింది.

"హా" అంది. చుట్టూ ఒక్కొక్కటిగా అడుగులు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె వెతుక్కుంది. ఒక్కటే తక్కువ.

చాలాసేపటికి చక్రం అత్త రాట్నాన్ని బాబాయ్ నెత్తిన పెట్టించి, తాడు మీద చెయ్యేసి దారి పట్టుకుని, రొప్పుతూ వచ్చింది. బాబాయ్ రాట్నం దింపి అవతలికెళ్ళేదాకా ఆగి, మరదలి పక్కన చతికిలబడింది.

"అందరూ వచ్చారా?" అంది.

పిన్ని నివ్వెరపోయింది. "నీకూ వినపడతాయా వదినా?"

"విననా మరి? నా తమ్ముడే వాడు."

"మరి ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిమొద్దన్నావు?"

"ఇద్దరం పిచ్చోళ్ళమైతే వంట ఎవరు చేస్తారే?" అంది చక్రం అత్త. తర్వాత గొంతు తగ్గించింది. "వాడు వచ్చాడా?"

పిన్ని తల అడ్డంగా ఊపింది.

"నేను లేచేసరికి నీళ్ళలోంచి పైకెక్కాడే. విన్నాను. రాట్నం పక్కనే కాసేపు నిలబడ్డాడు. నేను కదిలితే నా వెనకే ఈడ్చుకుంటూ బయల్దేరాడు. వీధిలోకొచ్చాక ఆ ఈడుపు జనం గోలలో కలిసిపోయింది." కొంగుతో కన్ను తుడుచుకుంది. "కాలు అలాంటిది. ఆలస్యంగా వస్తాడులే."

ఆ ఏటి వానల్లోనే పాత సావిడి కూలింది. కూలిన చప్పుడు పందిరి దాకా వినపడింది, ఇద్దరూ చేతిలో పని ఆపలేదు. ఇప్పుడు కొత్త చోట పిన్ని రోజూ పేనుతుంది. మ్యూజియానికొచ్చినవాళ్ళు తాడు అవతల నిలబడి చూస్తారు. అత్తగారి అడుగులు, పెద్దాయనవి, చిన్నపిల్లవి, అన్నీ వస్తాయి, అన్నీ రాయి దగ్గర ఆగుతాయి. మొగుడివి మాత్రం ఆమెకి వినపడవు. చక్రం అత్తకే వినపడతాయి. ఆవిడ పొద్దుపోయే వేళ కర్ర పుచ్చుకుని వీధిలోకి దిగి వెళ్ళి, వచ్చి చెబుతుంది.

"దర్జీ ఇంటి దగ్గరున్నాడు."

కొన్నాళ్ళకి, "సైకిలు షాపు దాటాడు."

నిజమో, మరదలి మనసు నిలబెట్టడానికి అల్లి చెబుతోందో పిన్నికి తెలీదు. నిలదీసి అడగదు. కానీ ఇంకొకటి గమనించింది. దర్జీ ఇంటి దగ్గరున్నాడని వదిన చెప్పిన వారంలోనే దర్జీ ఇంట్లోకి నీళ్ళొచ్చాయి. దర్జీ కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని పైవీధికి మారిపోయాడు. షాపు దాటాడని చెప్పిన పోటుకి బాబాయ్ షాపు ముందు నీళ్ళు నిలబడ్డాయి, ఇంక తీయలేదు. కొలతల అమ్మాయి వచ్చి గోడ మీద చార కొలుచుకుని, టేపు చుట్టుకుంది.

నిన్న చక్రం అత్త తొందరగానే తిరిగొచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి.

"కుళాయి దగ్గరికొచ్చాడే" అంది.

పిన్ని నడుముకి నార చుట్టుకుంది, కొస కొక్కేనికి తగిలించింది. వదిన రాట్నం పట్టుకుంది. వీధి వంపు వైపు కళ్ళు పెట్టుకుని పిన్ని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. రమ్మని పిలవాలో, వద్దని చెప్పాలో ఆమెకి తేలలేదు.